సంఖ్యలకు బంతి భోజనం

పిల్లలూ! పెళ్ళిళ్ళలో బంతి భోజనాలు మీరు చూసే ఉంటారు. ఈమధ్య నిలబడి తినే పద్ధతి ఎక్కువైంది గాని, వరసగా విస్తళ్ళు వేసి వడ్డించడం ఇంకా పోలేదు. సాంబారు బకెట్టు పట్టుకున్న మనిషిని ఎప్పుడైనా గమనించారా? అతను ఎవరి ముఖమూ చూడడు. గరిటె ముంచడం, పోయడం, ఒక అడుగు జరగడం, మళ్ళీ ముంచడం. వందమందికి వడ్డించడం అతనికి నిమిషాల మీద పని. అదే ఆ వందమందికీ ఎవరింటికి వారికి క్యారేజీ పంపించాలనుకోండి. చిట్టా తీయాలి, చిరునామా చూడాలి, వీధి వెతకాలి, తలుపు తట్టాలి, "ఫలానావారు మీరేనా?" అని అడిగి చేతికివ్వాలి. పొద్దు వాలిపోతుంది.

గణకయంత్రంలో సంఖ్యలను ఉంచడానికి కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఒక పద్ధతిలో ఉన్న సంఖ్యలను రెండో పద్ధతిలోకి మార్చడం ఎలాగో, మార్చేటప్పుడు ఎక్కడ కాలు జారుతుందో ఈసారి చెప్పుకుందాం.

మీలో కొందరు బడిలోనే పైథాన్ భాష నేర్చుకుంటున్నారు. దీన్ని నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1989 చివరలో మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చాడు. పేరు కొండచిలువను చూసి పెట్టింది కాదు, మాంటీ పైథాన్ అనే హాస్యనాటక బృందాన్ని తలచుకొని పెట్టింది. 'సి' భాష దానికి అన్నగారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో దాన్ని రూపొందించాడు. విచిత్రమేమిటంటే, మనం మామూలుగా వాడే పైథాన్‌ను రాసింది కూడా 'సి' భాషలోనే.

పైథాన్‌లో రాయడం సుఖం. ఇది పూర్ణాంకమా, దశాంశమా, అక్షరాల మాటా అని ముందుగా ప్రకటించనక్కరలేదు. ఒకే లిస్టులో 7నీ, 3.5నీ, మీ పేరునూ పక్కపక్కన పెట్టినా ఊరుకుంటుంది. మరి ఆ సౌఖ్యం ఊరికే రాదు. లిస్టులో ఉండేవి నిజానికి సంఖ్యలు కావు, సంఖ్యల చిరునామాలు! ఒక్కొక్క సంఖ్య మెమరీలో ఎక్కడో తన సొంత పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె మీద "నేను దశాంశ సంఖ్యను" అనే ముద్ర, "నన్ను ఇంతమంది వాడుకుంటున్నారు" అనే లెక్క, ఆ తరువాత అసలు విలువ ఉంటాయి. 64 బిట్ల యంత్రంలో ఆ ముద్రకు 8 బైట్లు, వాడకం లెక్కకు 8, విలువకు 8, మొత్తం 24. లిస్టులో దాని చిరునామాకు మరో 8. అంటే ఒక్క దశాంశ సంఖ్యకు 32 బైట్లు. పది లక్షల సంఖ్యలుంటే 3 కోట్ల 20 లక్షల బైట్లు.

'సి'లో ఇలా కాదు. అక్కడ సంఖ్యలన్నీ బంతిలో కూర్చుంటాయి. ముద్ర లేదు, చిరునామా లేదు. అన్నీ ఒకే రకం, ఒకే కొలత, ఒకదాని పక్కన ఒకటి. దీన్ని అర్రే అంటారు. (ఆశ్చర్యపోయినప్పుడు అనే 'అరే' కాదు!) అవే పది లక్షల సంఖ్యలకు ఇక్కడ 80 లక్షల బైట్లు చాలు. నాలుగోవంతు.

చోటు ఆదా కావడం ఒక్కటే కాదు. బంతిలో ఏ సంఖ్యనైనా వెతకకుండానే పట్టుకోవచ్చు. మొదటి విస్తరి ఎక్కడుందో, ఒక్కో విస్తరి వెడల్పు ఎంతో తెలిస్తే ఒక్క గుణకారం, ఒక్క కూడిక చాలు. మొదటిది 5000 అనే చిరునామాలో ఉండి, ఒక్కొక్కటి 8 బైట్లయితే, మూడు విస్తళ్ళు దాటాక వచ్చేది 5000 + 3 × 8 = 5024లో ఉంటుంది. మొదటిదాన్ని చేరడానికి దాటవలసినవి సున్నా. అందుకే 'సి'లో లెక్క ఒకటితో కాక సున్నాతో మొదలవుతుంది. "సున్నా నుంచి ఎందుకు లెక్కపెట్టాలి మాస్టారూ?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇదే జవాబు.

పది లక్షల సంఖ్యలను కూడాలంటే పైథాన్ ప్రతి సంఖ్య దగ్గరా ఆగి చిరునామా చూసి, పెట్టె తెరిచి, ముద్ర చదివి, కూడి, వచ్చిన మొత్తానికి మళ్ళీ కొత్త పెట్టె కట్టి ముద్ర వేస్తుంది. 'సి' మాత్రం మన సాంబారు మనిషిలాగా ఆగకుండా సాగిపోతుంది. రెండింటి వేగంలో పదుల రెట్ల తేడా రావడం మామూలే. అందుకని తెలివైనవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆలోచనంతా పైథాన్‌లో రాసి, బండచాకిరీ మాత్రం 'సి'కి అప్పగించడం. ఖగోళ శాస్త్రవేత్తలు 2019 ఏప్రిల్ 10న లోకానికి చూపిన కృష్ణబిలం చిత్రం వెనక ఉన్న గణనల్లోనూ ఈ ఏర్పాటు పనిచేసింది.

ఇక మార్పిడి సంగతి. లిస్టును బంతిగా మార్చడమంటే ప్రతి పెట్టెనూ తెరిచి, లోపలి విలువను తీసి, వరసలో కూర్చోబెట్టడం. పది లక్షల సంఖ్యలుంటే పది లక్షల సార్లు తెరవాలి. తిరిగి పైథాన్ లిస్టుగా కావాలంటే పది లక్షల కొత్త పెట్టెలు కట్టాలి. ఒక్క చిన్న కూడిక కోసం ఇంత హడావిడి చేస్తే, 'సి' ఆదా చేసిన సమయాన్ని మార్పిడే మింగేస్తుంది. అందుకే ఒకసారి బంతిలో కూర్చోబెట్టాక పని మొత్తం అయ్యేదాకా లేపకూడదు.

బంతిని 'సి'కి అప్పగించేటప్పుడు మనం సంఖ్యలను మోసుకెళ్ళి ఇవ్వం. మూడే మాటలు చెబుతాం: మొదటి విస్తరి ఇక్కడుంది, ఇన్ని విస్తళ్ళున్నాయి, ఒక్కొక్క విస్తరి ఈ రకం. 'సి' మనల్ని పూర్తిగా నమ్ముతుంది. దాని బలమూ అదే, ప్రమాదమూ అదే. ముప్ఫై విస్తళ్ళు వేసి నలభై అన్నారనుకోండి, మన వడ్డించే మనిషి తల ఎత్తకుండా మిగిలిన పది గరిటెలూ నేల మీద పోస్తాడు. అక్కడ ఎవరి కొత్త బట్టలున్నాయో అతనికి పట్టదు! యంత్రంలో అయితే పక్కనున్న మరో సమాచారం పాడైపోతుంది. అదృష్టం బాగుంటే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. అదృష్టం అన్నది వేళాకోళానికి కాదు. కూలిపోతే కనీసం తప్పు జరిగిందని మనకు తెలుస్తుంది.

తెలియకుండా పోయే తప్పు ఎలా ఉంటుందో నా అనుభవమే చెబుతాను. మా బడిలో పిల్లలు వర్షమాపకం పెట్టి రోజూ కొలతలు రాశారు. వాటిని కూడడానికి నేను 'సి'లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి పైథాన్‌తో జతచేశాను. అది ఏ తప్పూ చూపకుండా ఠక్కున ఒక మొత్తం చెప్పింది. పిల్లలు చేత్తో కూడిన మొత్తానికీ దానికీ పొంతన లేదు. కొలతల్లోనే తప్పుందేమోనని నేను పిల్లలను కోప్పడ్డాను కూడా. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "1, 2, 3, 4 ఇచ్చి చూడండి మాస్టారూ" అంది. ఇచ్చాం. 10 రావాలి కదా, 3.875 వచ్చింది!

ఈ 3.875 ఎక్కడిది? ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

నేను పైథాన్ వైపు ఒక్కో సంఖ్యకూ 8 బైట్ల విస్తరి వేశాను. 'సి' ప్రోగ్రాంలో మాత్రం 4 బైట్ల విస్తరి అని రాసి ఊరుకున్నాను. కాబట్టి అది ప్రతి విస్తరినీ రెండుగా చీల్చి, సగానికి ఒక సంఖ్య చొప్పున చదివింది. నాలుగు సంఖ్యలు కూడమన్నాం కనుక, నాలుగు సగాలు చదివి ఆగిపోయింది. అంటే అసలు సంఖ్యల్లో 1, 2 మాత్రమే దాని కంటబడ్డాయి. అవి కూడా ముక్కలుగా.

దశాంశ సంఖ్యను యంత్రం రెండు భాగాలుగా దాస్తుంది: 2కు ఎన్నో ఘాతం అన్నది ఒకటి, భిన్నభాగం ఇంకొకటి. 1985లో ఏర్పడిన ప్రమాణం ప్రకారం 8 బైట్ల సంఖ్యలో ఘాతానికి 11 బిట్లు, 4 బైట్ల సంఖ్యలో 8 బిట్లు. ఒకటి అనే సంఖ్యకు 8 బైట్ల రూపంలో ఘాతం ఒక సున్నా, తరువాత పది ఒకట్లు. 4 బైట్ల రూపంలో అదే ఘాతం ఒక సున్నా, తరువాత ఏడు ఒకట్లు. నా 'సి' ప్రోగ్రాం మొదటి 8 బిట్లనే ఘాతంగా తీసుకుంది. మిగిలిపోయిన మూడు ఒకట్లూ భిన్నభాగంలోకి జారాయి. భిన్నభాగంలో మొదటి బిట్టు విలువ 1/2, రెండోది 1/4, మూడోది 1/8. కూడితే 0.875. అసలు 1తో కలిపి 1.875! రెండో సగంలో అన్నీ సున్నాలే, కాబట్టి దాని విలువ 0. ఇక 2 అనే సంఖ్యకు ఘాతం ఒకటి, తరువాత పది సున్నాలు. అక్కడ జారిపోయినవి సున్నాలు గనుక విలువ మారలేదు, 2గానే వచ్చింది. 1.875 + 2 = 3.875. తప్పుడు కొలతతో చదివినా మధ్యలో ఒక సంఖ్య సరిగానే వచ్చిందంటే, పోల్చుకోవడం ఎంత కష్టమో చూడండి. ఆ మర్నాడు తరగతిలో పిల్లలకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంతకీ పైథాన్‌లో 2006 నుంచి ఉన్న సీటైప్స్ అనే పరికరంతో 'సి' ప్రోగ్రాంలను పిలవవచ్చు. దీనికీ ఒక అలవాటుంది. తిరిగి వచ్చే జవాబు ఏ రకమో మనం చెప్పకపోతే అది పూర్ణాంకమే అనుకుంటుంది. దశాంశం తిరిగి వచ్చే చోట ఆ ఒక్క ముక్క చెప్పడం మరిచారా, అర్థంలేని సంఖ్య చేతికొస్తుంది.

కొలత చిన్నదైతే వచ్చే చిక్కు ఇంకో రకం. పైథాన్ పూర్ణాంకాలకు హద్దు లేదు. 2ను వందసార్లు గుణించినా విసుక్కోకుండా అంకెలన్నీ చెబుతుంది. బంతిలో విస్తరి కొలత ముందే నిర్ణయమైపోతుంది. 4 బైట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద విలువ 2,14,74,83,647. ఒక్క బైటు అయితే 255. పాత స్కూటరు మీటరు 99999 తరువాత 00000కు వచ్చినట్లు, ఒక్క బైటు గడిలో 255 తరువాత 0 వస్తుంది. ఫోటోల్లో ఒక్కో చుక్క వెలుగును మామూలుగా ఒక బైటులోనే దాస్తారు: 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. ఒక ఫోటోను ఇంకాస్త కాంతివంతం చేద్దామని ప్రతి చుక్కకూ 10 కలిపారనుకోండి. 250 ఉన్నచోట 260 కావాలి, కాని పట్టదు. 256 పోగా 4 మిగులుతుంది. తెల్లటి మేఘంలో నల్లటి మచ్చలు!

మచ్చలైతే నవ్వుకుంటాం. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి యూరప్‌వారి ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి లేచింది. దాని ప్రోగ్రాం పైథానూ కాదు, సి కూడా కాదు, ఏడా అనే భాష. సమస్య మాత్రం మనం చెప్పుకుంటున్నదే. రాకెట్టు అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చవలసి వచ్చింది. 16 బిట్లలో 32,767కు మించి పట్టదు. పాత ఏరియన్ 4లో ఆ విలువ అంత పెద్దది కాదు కనుక, అదే ప్రోగ్రాంను దీనిలోనూ వాడారు. కొత్త రాకెట్టు దూకుడు ఎక్కువ. విలువ హద్దు దాటింది, దిక్కు చూపే యంత్రం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాం, అది కూడా అదే కారణంతో అప్పటికే ఆగిపోయి ఉంది. దాదాపు 40 సెకన్లలో రాకెట్టూ, అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ ముక్కలైపోయాయి. మనుషులెవరూ లేకపోవడం ఒక్కటే మేలు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం వేరే ఉంది. రాకెట్టు నేల విడిచాక ఆ లెక్కతో అసలు పనే లేదు!

రాని విద్యార్థి సంగతి కూడా చెప్పాలి. పరీక్షకు రానివాడి మార్కుల గడిలో మేము 'గై' అని రాస్తాం, సున్నా వేయం. పైథాన్ లిస్టులో 'ఏమీ లేదు' అని పెట్టడానికి వీలుంది. దశాంశాల బంతిలో అలాంటి మాటకు చోటులేదు. అక్కడ 'సంఖ్య కానిది' అనే ప్రత్యేకమైన బిట్ల కూర్పు ఒకటి పెట్టాలి. దాన్ని నాన్ అంటారు. దానికి ఏది కలిపినా జవాబు నాన్ అవుతుంది. చివరికి దాన్ని దానితోనే పోల్చినా సమానం కాదంటుంది! చిరాకనిపించినా, సున్నా పెట్టి తరగతి సగటును తప్పుగా చూపడం కన్నా ఇదే నయం.

ఇప్పుడు మరొక ప్రశ్న. సంఖ్యలు మొదటి నుంచీ బంతిలోనే ఉంటే మార్పిడితో పనేముంది? పైథాన్‌వారికీ ఇదే తోచింది. 1995లో జిమ్ హ్యుగునిన్ న్యూమరిక్ అనే అర్రేల పొట్లాన్ని తయారుచేశాడు. తరువాత హబుల్ దుర్భిణి చిత్రాలతో పనిచేసే అంతరిక్ష దుర్భిణి శాస్త్ర సంస్థవారు న్యూమర్రే అని ఇంకొకటి తెచ్చారు. వాడేవాళ్ళు రెండు వర్గాలైపోయారు. ట్రావిస్ ఆలిఫంట్ ఆ రెంటినీ కలిపి నంపై అనే పేరుతో 2006లో మొదటి పూర్తి విడుదల ఇచ్చాడు. నంపై అర్రే పైకి పైథాన్ వస్తువే. లోపల మాత్రం 'సి'కి కావలసిన బంతి సిద్ధంగా ఉంటుంది.

ఆయన మరొక మంచి పని చేశాడు. ఒక పొట్లంలోని బంతిని ఇంకో పొట్లం నకలు తీయకుండా నేరుగా వాడుకోవాలంటే, ఇద్దరికీ అర్థమయ్యే ఒక చీటీ ఉండాలి. బంతి ఎక్కడ మొదలైంది, ఒక్కో విస్తరి ఎన్ని బైట్లు, ఏ రకం, ఎన్ని అడ్డువరసలు, ఎన్ని నిలువువరసలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత దూకాలి, తాకి మార్చవచ్చా లేక చూడడం వరకేనా అన్నవి ఆ చీటీలో ఉంటాయి. దీన్ని బఫర్ ఒప్పందం అంటారు. 2006లో ప్రతిపాదించగా 2008లో వచ్చిన పైథాన్ 3లో చేరింది. ఒకరు చీటీ తీసుకొని వాడుతున్నంతసేపూ సొంతదారు ఆ బంతిని పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. ప్రయత్నిస్తే పైథాన్ ఒప్పుకోదు. బంతి లేవకముందే విస్తళ్ళు ఎత్తకూడదన్న మర్యాద మనకు ఉన్నదే కదా! ఒప్పందం లేకుండా ఉత్త చిరునామా ఒక్కటే ఇచ్చి, ఇవతల పైథాన్ ఆ చోటును ఖాళీ చేసేసిందనుకోండి. 'సి' ఖాళీ చేసిన ఇంటి తలుపు తడుతూనే ఉంటుంది. లోపల కొత్తగా దిగినవారి సామాను దీనికి తన సామానులాగే కనిపిస్తుంది.

చీటీలో 'ఎంత దూకాలి' అన్నాను కదా, దాన్ని తెలుగులో చక్కగా అంగ అనవచ్చు. ఇద్దరు విద్యార్థులు, మూడేసి మార్కులు: మొదటివాడివి 10, 20, 30, రెండోవాడివి 40, 50, 60. మెమరీలో ఇవి 10, 20, 30, 40, 50, 60 అని ఒకే వరసలో ఉంటాయి. పక్క మార్కుకు పోవాలంటే 8 బైట్ల అంగ, పక్క విద్యార్థికి పోవాలంటే 24 బైట్ల అంగ. పట్టికను తిప్పి అడ్డువరసలను నిలువువరసలుగా చేయమంటే నంపై ఒక్క సంఖ్యనూ కదపదు. చీటీలో 24, 8 అని ఉన్నదాన్ని 8, 24 అని మారుస్తుంది. అంతే! కోటి సంఖ్యలున్న పట్టికనైనా రెప్పపాటులో తిప్పేస్తుంది. కాని అంగలు చూసుకోకుండా వరసగా చదివే 'సి' ప్రోగ్రాంకు దాన్ని ఇస్తే? తిప్పిన పట్టికలో మొదటి అడ్డువరస 10, 40 కావాలి. అది 10, 20 అని చదువుతుంది. అలాంటి ప్రోగ్రాంకు ఇచ్చే ముందు మాత్రం నకలు తీసి, నిజంగానే వరసగా కూర్చోబెట్టక తప్పదు.

దీనికి కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు, గళ్ళ కాగితం చాలు. ఒకే వరసలో 12 గళ్ళు తీసుకొని 0 నుంచి 11 వరకూ అంకెలు రాయండి. ఒక్కో గడి 8 బైట్లు. ఇది 3 అడ్డువరసలు, 4 నిలువువరసల పట్టిక అనుకోండి. పక్క గడికి అంగ 8, కింది వరసకు అంగ 32. ఇప్పుడు రెండో అడ్డువరసను వెనకనుంచి ముందుకు, అంటే 7, 6, 5, 4 అని చదవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? అంగ ఎంత? మొదటి గడి నుంచి 56 బైట్లు దాటి మొదలుపెట్టాలి, అంగ మైనస్ 8. మరి మూడో నిలువువరసను కిందినుంచి పైకి చదవాలంటే? దీనికి జవాబు మీరే కట్టండి.